గేటు బిళ్ళ, ఏడో ఇన్నింగ్స్

బేస్‌బాల్ ఆటకు గడియారం లేదు. ఎదుటి జట్టులో ముగ్గురిని ఔట్ చేసేదాకా ఇన్నింగ్స్‌లో మన సగం పని ముగియదు. దానికి ఐదు నిమిషాలు పట్టవచ్చు, గంట పట్టవచ్చు. మా మలయా దేశానికి మాత్రం ఆ రోజుల్లో గడియారం చాలా కచ్చితంగా ఉండేది. అడవిలో కమ్యూనిస్టు గెరిల్లాలు, వారికి గుప్పెడు బియ్యం కూడా అందకూడదని ప్రతి ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె, సాయంత్రం ఆరింటికి మూసుకునే గేటు. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు ఎమర్జెన్సీ. గడియారం లేని ఆటను గడియారం చేతిలో పెట్టుకొని ఆడిన జట్టుకు నేను కెప్టెన్‌ను. మెర్డెకా, అంటే మా స్వాతంత్ర్యం, వచ్చిన సంవత్సరంలోనే మేము ఆడినదీ.

ఈనాడు తెలుక్ ఇంటాన్ అని పిలిచే ఊళ్ళో, నది ఒడ్డున, ఒక మిషన్ కాలేజీలో చదువుకున్నాను. బేస్‌బాల్‌ను అక్కడికి తెచ్చినవారు అమెరికా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. రెండు బ్యాట్లు, తొమ్మిది తోలు గ్లవ్‌లు, ఒక ముఖకవచం, ఒక ఛాతీకవచం, ఒక జత మోకాటి కవచాలు ఆయన ఓడలో వెంట తెచ్చుకున్నారు. పొరుగు పట్టణాల్లో అదే మిషన్ నడిపే కాలేజీలు మరో నాలుగు ఉండేవి. ఐదు జట్లు, ఒక్కొక్క జట్టుకు నాలుగు ఆటలు, చివర ఒక వెండి కప్పు.

క్రికెట్ తెలిసినవారికి ఈ ఆటను రెండు మాటల్లో చెప్పవచ్చు. బంతి విసిరేవాడు పిచర్. బ్యాట్ పట్టినవాడి వెనుక గొంతుక్కూర్చొని ఆ బంతిని పట్టేవాడు క్యాచర్. ఆ కవచాలన్నీ క్యాచర్‌కే. మా జట్టులో ఆ క్యాచర్‌ను నేనే. మైదానమంతా ముందు కనిపించేది అతనొక్కడికే. అందుచేత కెప్టెన్ పదవి నాకు దక్కడం న్యాయమనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

మా పిచర్ నా ఎస్టేటువాడే. ఊరికి ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న కొబ్బరితోట అది. అక్కడ మా నాన్నగారు పెద్ద గుమస్తా. మావాళ్ళ మాటలో పెద్ద కిరాణి. పిచర్ తండ్రి అదే తోటలో కూలీ. నేను కాలేజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. అతనికి హాస్టల్ లేదు. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోవాలి. కూలీ లైన్ల నుంచి కాలేజీకి వచ్చిన మొదటివాడు అతనే. అతని కోసం ఎస్టేటు దొర ప్రత్యేకంగా ఒక పాసు, అంటే రోజూ బయటికి పోయే అనుమతి, ఇచ్చాడు. హామీ సంతకం మా నాన్నగారిది. షరతు ఒక్కటే: ఆరు గంటలలోపు లోపల ఉండాలి. ఒక్కసారి తప్పినా అనుమతి రద్దు, దానితో చదువూ రద్దు.

గేటు దగ్గర పద్ధతి ఇలా ఉండేది. బయటికి పోయే ప్రతివాడికీ ఒక రేకు బిళ్ళ ఇచ్చేవారు, దాని మీద ఒక అంకె. తిరిగి వచ్చి బిళ్ళ ఇస్తే దానిని బోర్డు మీద అదే అంకె ఉన్న మేకుకు తగిలించేవారు. ఆరింటికి కాపలా పోలీసులు బోర్డు చూస్తారు. మేకు ఖాళీగా ఉంటే మనిషి బయట ఉన్నట్టు. బిళ్ళ లేకుండా మనిషి వస్తే, ఆ బిళ్ళతో మరెవరో అడవిలోంచి రాబోతున్నారని అనుమానించి స్టేషనుకు తీసుకుపోతారు. ఆ బోర్డును గీయించి మేకులు కొట్టించినది మా నాన్నగారే. "బిళ్ళ లేనివాడు నా కొడుకైనా లోపలికి రాడు" అని ఆయన అందరి ఎదుటా అన్నారు. ఆయన అన్న మాట తప్పరని మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

ఆ గేటే మా ఇద్దరి మధ్య మర్యాదలను కూడా నిర్ణయించింది. సెలవులకు నేను ఇంటికి పోయినప్పుడు, గేటు లోపల అతను నన్ను "బాబూ" అనేవాడు. గేటు దాటగానే "ఒరే" అనేవాడు. ఈ ఏర్పాటు నేను చేసినది కాదు. మొదటిరోజే బస్సులో నా పక్కన కూర్చొని తనే చెప్పాడు.

"ఒరే, లోపల మా అయ్య ఇంతాడు, మీ అయ్య ఇంతాడు. బయట మనిద్దరవే. బయట కూడా బాబూ బాబూ అంటే నా నోరు నొప్పెడతాది."

నాకు ఆ ఏర్పాటు సక్రమంగానే కనిపించింది. ఒప్పుకున్నాను.

జట్టులో ఇంకా ఇద్దరి సంగతి చెప్పాలి. రెండో బేస్ దగ్గర ఆడేవాడు చీనా కుర్రవాడు. బస్టాండు ఎదుట కాఫీ కొట్టు వాళ్ళది. ఎస్టేటు గేటు దాటి అన్నం మెతుకు కూడా బయటికి తీసుకురాకూడదు గనుక మా పిచర్ మధ్యాహ్నాలు ఖాళీ కడుపుతో ఉండేవాడు. ఆట ఉన్న రోజున కాఫీ కొట్టు నుంచి కొబ్బరి జాము రాసిన రొట్టె నాలుగు ముక్కలు వచ్చేవి. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, వచ్చేవి, అంతే. రెండోవాడు బయటి మైదానంలో పరిగెత్తే మలాయ్ కుర్రవాడు, నది అవతలి గ్రామం వాడు. నేను లేనప్పుడు క్యాచర్‌గా కూర్చోవలసినది అతనే. ఆ ఏర్పాటు కాగితం మీద ఉండేది. నేను లేకపోవడం ఎన్నడూ జరగలేదు.

మా పిచర్ బంతి విసిరే తీరు పుస్తకంలో లేనిది. తలమీదుగా కాక, నడుము పక్కనుంచి, నేలకు సమాంతరంగా చేతిని ఊపేవాడు. వాళ్ళ తోటలో కాయలను కాలవల్లో పడవల మీద తీసుకుపోతారు. గట్టు మీద నిలబడి, ఒకదాని వెంట ఒకటిగా, కదిలే పడవలోకి కాయను విసరాలి. గురి తప్పితే కాయ నీళ్ళలో, విసిరినవాడు కూడా దాని వెనకే నీళ్ళలో. పదేళ్ళ వయసు నుంచి తండ్రికి సాయంగా విసిరిన చెయ్యి అది. మాస్టారు అతనికి తలమీదుగా విసరడం రెండు వారాలు నేర్పారు. పద్ధతి అంటే పద్ధతేనని నేను మాస్టారి పక్షమే పట్టాను. మొదటి ఆటలో బంతి నా చేతికి తప్ప మైదానంలోని అన్ని దిక్కులకూ పోయింది. ఓడిపోయాము.

ఆ సాయంత్రం బస్టాండులో అతను నాతో అన్నాడు.

"ఒరే కెప్టెనూ, మీ మాస్టారు నేర్పినట్టు కాయలు ఇసిరితే మా అయ్య నన్ను కాలవలో ముంచేసును. నన్ను నా లాగ ఇసరనియ్యి."

మర్నాడు మాస్టారి వద్దకు పోయి, జట్టు మేలు కోరి పద్ధతిని మార్చమని అడిగాను. నా జీవితంలో పద్ధతికి వ్యతిరేకంగా నేను చేసుకున్న మొదటి విన్నపం అది. ఆయన నవ్వి, సరేనన్నారు. తరువాతి రెండు ఆటల్లో ఎదుటివాళ్ళకు బంతి ఎక్కడినుంచి వస్తున్నదో అర్థం కాలేదు. రెండూ గెలిచాము.

ఆ విజయాలలో నా జాబితాకు కూడా వాటా ఉందని చెప్పడానికి సంకోచించను. ఆట రోజున చేయవలసినవన్నీ పన్నెండు అంశాలుగా ఒక కాగితం మీద రాసి, అట్టకు అంటించి, బెంచీకి వేలాడదీసేవాణ్ణి. గ్లవ్‌ల సంఖ్య సరిచూడడం మొదటిది. నీళ్ళ బకెట్టు, గీతలకు సున్నం, ఎవరి తరువాత ఎవరు బ్యాట్ పట్టాలి, ఇన్నింగ్స్‌కు ఎన్ని నిమిషాలు పడితే ఐదు గంటల బస్సు అందుతుంది: అన్నీ అందులో ఉండేవి. నాలుగో అంశం "పిచర్ బిళ్ళ తీసుకొనుట". రేకు బిళ్ళ దారంతో మెడలో వేలాడుతూ, చెయ్యి ఊపినప్పుడల్లా గడ్డానికి తగిలేది. అందుచేత ఆటకు ముందు దానిని నేను తీసుకొని, నా చొక్కా జేబులో వేసి, గుండీ పెట్టుకునేవాణ్ణి. పన్నెండో అంశం "కరచాలనం తరువాత బిళ్ళ తిరిగి ఇచ్చుట".

నాలుగో ఆట మా మైదానంలోనే జరిగింది. ఎదుటి జట్టు కూడా మాలాగే ఒకటే ఓడింది. గెలిచినవారిదే కప్పు. మెర్డెకా ఇంకా పది రోజులుంది. ఊరంతా రంగుకాగితాలు కడుతున్నారు. రెండున్నరకు మొదలు కావలసిన ఆట మూడు దాటాక గాని మొదలు కాలేదు. బడిపిల్లల కవాతు రిహార్సలు మైదానాన్ని వదలలేదు. జెండా ఎటువైపు తిరగాలన్న విషయంలో ఇద్దరు హెడ్మాస్టర్లకు అభిప్రాయ భేదం వచ్చింది. వాళ్ళు వాదించుకుంటున్నంతసేపూ నేను గడియారం చూస్తూ నా జాబితాలోని నిమిషాలను ఒక్కొక్కటిగా కత్తిరించాను.

మా ఆటలకు ఏడు ఇన్నింగ్స్. ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి మేము ఒక్క పరుగు ముందున్నాము. ఎదుటివాళ్ళు బ్యాట్ పట్టారు. ముగ్గురిని ఔట్ చేస్తే కప్పు మాది. మొదటివాణ్ణి మా పిచర్ మూడు బంతుల్లో పంపించేశాడు. నేను గడియారం చూశాను. ఐదుకు పన్నెండు నిమిషాలు. బస్టాండుకు పరుగున పది నిమిషాలు.

ఆట ఆపమని సైగ చేసి అతని దగ్గరికి నడిచాను.

"పో. బస్సు."

"ఏటి పో? ఇంకా ఇద్దరే గదా. ఆళ్ళని కూడా పడేసి పోతాను."

"ఇద్దరికి ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు, నాకు తెలియదు. బస్సు ఎప్పుడు పోతుందో ఇద్దరికీ తెలుసు."

"ఒరే, కప్పురా!"

"కప్పు వచ్చే ఏడు కూడా ఉంటుంది. నీ పాసు ఉండదు."

అతను బంతిని నేలకేసి కొట్టాడు. "నీ జాబితాకి సేతులుంటే దాని సేతే ఇసిరించును, నాకెందుకు!" అని, గ్లవ్ నా కవచం మీదికి విసిరి, పరుగు తీశాడు. అంత కోపంలోనూ గురి తప్పలేదు. గ్లవ్ సరిగ్గా ఛాతీ మధ్యన తగిలింది.

రెండో బేస్ వాణ్ణి పిచర్‌గా పిలిచాను. అతని చేతిలో బంతి పెట్టి, నా చోటికి వచ్చి, గొంతుక్కూర్చున్నాను. కూర్చోగానే ఛాతీకవచం కింద, ఎడమవైపు, ఏదో గట్టిగా ఒత్తుకుంది.

బిళ్ళ.

జాబితాలో బిళ్ళ తిరిగి ఇవ్వడం కరచాలనం తరువాత. కరచాలనం ఇంకా కాలేదు. నేను రాసిన క్రమంలో ఎక్కడా పొరపాటు లేదు; ఆ క్రమం ప్రకారం బిళ్ళ నా జేబులో ఉండవలసిన సమయమే అది. మనిషి మాత్రం వెళ్ళిపోయాడు. ఆ తరువాత నా ఉద్యోగ జీవితంలో ఎన్నో జాబితాలు రాశాను. ప్రతిదానిలోనూ, తీసుకున్న వస్తువును ఆట ముగిసినప్పుడు కాక, మనిషి కదిలినప్పుడు ఇవ్వాలని రాశాను.

ప్రిన్సిపాల్ గదిలో టెలిఫోను ఉంది. కాని అవతల అందుకునేది మా నాన్నగారు. ఆయన అడిగే మొదటి మాట నాకు తెలుసు: "బిళ్ళ ఏది?" లేచాను. ముఖకవచమూ గ్లవ్‌లూ తీసి, మలాయ్ కుర్రవాణ్ణి పిలిచి అతని చేతిలో పెట్టాను. చీనా కుర్రవాడితో, "ఇకనుంచి నువ్వే కెప్టెన్" అన్నాను.

"ఎందుకు? ఎక్కడికి?"

బిళ్ళ చూపించాను. "నా సైకిలు చెట్టు కింద ఉంది. బ్రేకు లేదు లా," అన్నాడు, మాట చివర మలయా అలవాటు ప్రకారం ఆ 'లా' తగిలిస్తూ.

రంగుకాగితాలు కట్టే నిచ్చెనల మధ్య బ్రేకు లేని సైకిలును తోసుకుంటూ బస్టాండు చేరేసరికి బస్సు పోయింది. కాని ఊరికి మూడు మైళ్ళ అవతల, వంతెన దగ్గర, పోలీసుల తనిఖీ ఉండేది. బియ్యం కోసం ప్రతి బస్సునూ ఆపి, అందరినీ దించి, సంచుల్లోనూ, సీట్ల కిందా వెదికేవారు. పావుగంట పట్టేది, ఒక్కొక్కసారి అరగంట. ఆ వంతెనను శపించని ప్రయాణికుడు ఆ దారిలో లేడు. ఆ సాయంత్రం మాత్రం, ఆ పోలీసులు తమ విధిని పూర్తి శ్రద్ధతో నిర్వర్తించాలని మనసారా కోరుకుంటూ సైకిలు తొక్కాను.

కోరుకున్నట్టే బస్సు వంతెన దగ్గరే నిలిచి ఉంది. జనం దారి పక్కన వరుసగా నిలబడి ఉన్నారు. ఆనందంతో చెయ్యెత్తి కేక వేశాను. ఆ కేకకు నలుగురు మలాయ్ కానిస్టేబుళ్ళు ఒక్కసారి ఇటు తిరిగారు. రెండు తుపాకులు పైకి లేచాయి.

"బెరెంతి!" అన్నాడు ఒకడు. ఆగు అని.

బ్రేకు లేని సైకిలు మీద ఆగడం అంత సులభం కాదు. చెప్పులు నేలకు రాసుకుంటూ, పక్కనున్న గడ్డిలో పడి ఆగాను. అప్పుడు గాని నాకు స్ఫురించలేదు: ఛాతీకి మందపాటి కవచం, కాళ్ళకు మోకాళ్ళ దాకా తొడుగులు, పిడికిట్లో మెరిసే రేకు ముక్క. గెరిల్లా పోరు నడుస్తున్న దేశంలో, తుపాకుల కాపలా ఉన్న వంతెన మీదికి ఆ వేషంతో కేకలు వేస్తూ వచ్చిన మొదటి విద్యార్థిని బహుశా నేనే.

బస్సు దిగిన వరుసలో మా ఎస్టేటు ముసలమ్మ ఒకామె నన్ను పోల్చుకుంది.

"ఓలమ్మో, పెద్ద కిరాణిబాబు కొడుకు కాదేటి! పరుపు కట్టుకొని వొచ్చినావేటి బాబూ? ఏ ఊర్లో తొంగుంటావు?"

వరుస అంతా నవ్వింది. కానిస్టేబులు నవ్వలేదు. కవచాన్ని వేళ్ళతో నొక్కాడు. మెత్తగా, గడ్డలు గడ్డలుగా తగిలింది. "బియ్యమా?" అన్నాడు. బేస్‌బాల్ అని చెప్పాను. ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. నడుము నుంచి కత్తి తీశాడు.

ఆ వరుస చివర మా పిచర్ ఉన్నాడు. మెడ తడుముకున్న చెయ్యి ఇంకా మెడ మీదే ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నన్ను చూసి రెండడుగులు ముందుకు వేసి, ఇక్కడ తను గేటు లోపలో బయటో తెలియనివాడిలాగా అరిచాడు.

"ఒరే బాబూ!"

కానిస్టేబులు అనుమతితో బిళ్ళను అతని వైపు విసిరాను. అందుకోలేకపోయాడు. సీజన్ మొత్తంలో నా చేతి నుంచి అతను జారవిడిచిన ఒకే వస్తువు అది. దుమ్ములో వెదికి తీసుకొని, కానిస్టేబులుకు చూపి, మెడలో వేసుకున్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. జనం ఎక్కారు. అప్పుడు ఐదూ ఇరవై ఐదు. ఇంకా ఐదు మైళ్ళ మట్టిదారి.

బస్సు కదిలాక కవచాన్ని అడ్డంగా కోశారు. గుప్పెళ్ళ కొద్దీ బూరుగుదూది గాలిలోకి లేచింది. కానిస్టేబులు దానిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెదికి, గింజ కూడా దొరక్కపోయేసరికి, చాలా మర్యాదగా క్షమాపణ చెప్పాడు. అతను తన పని సక్రమంగా చేశాడని నేను కూడా చెప్పాను. అది మాటవరసకు అన్నది కాదు.

మైదానానికి తిరిగి వచ్చేసరికి ఎదుటి జట్టు లారీ ఎక్కుతోంది. మావాళ్ళు బెంచీ చుట్టూ నేలమీద కూర్చొని ఉన్నారు. మధ్యలో కప్పు; దానిలో కాఫీ.

ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా మిగిలిన ఇద్దరినీ ఔట్ చేశారట. ఎలాగని అడిగాను. చీనా కుర్రవాడు లేచి, నడుము పక్కనుంచి, నేలకు సమాంతరంగా చెయ్యి ఊపి చూపించాడు. రెండు నెలలుగా కాఫీ కొట్టు వెనుక గోడకు ఖాళీ పాలడబ్బాలు విసురుతూ ఆ విసురు నేర్చుకుంటున్నాడట. గురువు ఎవరో చెప్పనక్కరలేదు. మొదట్లో నేను వద్దన్న పద్ధతి కాబట్టి నాకు చెప్పలేదు.

మలాయ్ కుర్రవాడు చొక్కా ఎత్తి ఛాతీ మీద ఎర్రగా కమిలిన గుండ్రటి మచ్చ చూపించాడు.

"కవచం నువ్వే తొడుక్కుపోయావు లా. నాకు మిగిలినవి పక్కటెముకలే."

మాస్టారు కవచంలోని కోతను చూశారు, దూది అంటిన నా జుట్టును చూశారు, కప్పులోని కాఫీ నాకు అందించారు. నేను లేకుండా గెలిచారన్న విషయం నన్ను బాధించిందా అని తరువాత కొందరు అడిగారు. కెప్టెన్ పక్కకు తప్పుకున్నా ఎవరి చోటు వారికి తెలిసి ఉండడమే జట్టు క్రమంలో ఉన్నదనడానికి రుజువు. నాకు గర్వంగానే ఉంది. అయితే ఆ సాయంత్రం కాఫీ రుచి నాకు తెలియలేదు. ఐదు మైళ్ళ మట్టిదారి, ముప్పై ఐదు నిమిషాలు. వాన వస్తే చాలదు. టైరు పేలితే చాలదు.

మర్నాడు తెల్లవారగానే బస్టాండుకు పోయాను. కాఫీ కొట్టు అప్పుడే తలుపులు తీస్తోంది. మొదటి బస్సు ఎప్పటికంటే ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ముందు కూరగాయల గంపలు దిగాయి. తరువాత ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళ వెనుక, పుస్తకాలు చంకలో పెట్టుకొని, అతను.

"నాలుగు నిమిషాలుండగా పోయినాను," అన్నాడు. "మీ అయ్య గేటు కాడే నిలబడ్డాడు. బిళ్ళ తీసుకొని మేకుకి తగిలించి, గడియారం చూసి, 'ఆటేటైనాది?' అని అడిగినాడు. తెలీదన్నాను. 'తెలీకుండా ఎలా వొచ్చినావు?' అన్నాడు."

మా నాన్నగారు ఆట గురించి అడగడం అంతకుముందు నేను ఎరుగను.

"గెలిచాము," అన్నాను.

"ఎవుడు ఇసిరినాడు?"

చెప్పాను. కాఫీ కొట్టు వైపు చూసి అతను పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక, బస్టాండులో అందరూ చూస్తుండగా, మెడలోని బిళ్ళను బయటికి తీసి నా ముక్కు ఎదుట ఊపాడు.

"ఇంకమీద ఇది నా మెడలోనే ఉంటాది. గెడ్డానికి తగిలితే తగలనీ. నీకు మాత్రం ఇవ్వను."

మెర్డెకా వచ్చింది, జెండా ఎటువైపు తిరగాలో హెడ్మాస్టర్లు ఎలాగో తేల్చుకున్నారు. ఆ మరునాడు కూడా ఎస్టేటు గేటు ఆరింటికే మూసుకుంది. అతను ఆ ఏడు చివరి పరీక్ష రాసేదాకా ఒక్కనాడు కూడా మేకు ఖాళీగా ఉంచలేదు. బస్టాండులో అతను బిళ్ళ ఊపిన ఆ రోజే నేను మైదానానికి తిరిగి వచ్చి, జాబితా ఉన్న అట్టను బెంచీ మీద నుంచి తీసి, నాలుగో అంశాన్నీ పన్నెండో అంశాన్నీ కొట్టివేశాను. పది అంశాలు మిగిలాయి. వాటి అంకెలను మళ్ళీ వరుసగా సరిచేసి రాసుకున్నాను.